గుట్టెక్కిన ఫోన్లు

ఎవరైనా ఊరికే మేలు చేస్తామంటే నాకు ముందు అనుమానం వస్తుంది. ఇది పుట్టుకతో వచ్చిన రోగం. మా తాత కృష్ణా జిల్లా నుంచి పెనుబల్లి పక్కకు వచ్చి పొలం కొన్న కొత్తలో, గట్టు చూపించి ఒకడు, బావి చూపించి ఇంకొకడు ఆయన్ని ముంచారట. ఆ కథలు అన్నంలో కలిపి పెట్టి మమ్మల్ని పెంచారు. దానికి తోడు మా ఇళ్లలో ఇంకో అలవాటుంది. ఎవరినీ నమ్మం, కానీ ఎవరికీ ముఖం మీద కాదని చెప్పం. వచ్చినవాళ్లకు కుర్చీ వేస్తాం, కాఫీ ఇస్తాం, "అలాగేనండీ, దానికేం భాగ్యం" అంటాం. వాళ్లు గేటు దాటాక మేం చేయదలుచుకున్నది చేస్తాం. దీన్ని మేం మర్యాద అనుకుంటాం.

నన్ను టేకులపల్లి అవతల, అడవి మొదలయ్యే చోట ఉన్న ఊరికి ఇచ్చారు. మా ఆయన కౌలుకు మిర్చి వేసేవాడు. సొంత ట్రాక్టరు ఉండేది. ఒక సాయంత్రం వాగులోకి దిగుతుండగా ఆ ట్రాక్టరే తిరగబడింది. ప్రాణం దక్కింది కానీ నడుం కింద చచ్చుబడిపోయింది. ఖమ్మం, హైదరాబాదు ఆసుపత్రులు తిరిగేసరికి ట్రాక్టరు పోయింది, పెనుబల్లిలో పుట్టింటివారు నాకు రాసిచ్చిన ఎకరం పోయింది. రెండు గేదెలు, మంచం మీద మనిషి, బ్యాంకులో కాస్త డబ్బు మిగిలాయి.

చూడవచ్చిన ప్రతివాళ్లూ "పింఛనుకు పెట్టుకోండి, చక్రాల కుర్చీ కూడా ఇస్తారు" అని చెప్పిపోయేవారు. చెప్పడానికేం, నోరుంటే చాలు. పింఛను రావాలంటే సదరం సర్టిఫికెట్ కావాలి. ఈ మనిషి ఇక నడవలేడని డాక్టర్లు చూసి ఇచ్చే కాగితం అది. మంచం మీద కనిపిస్తూనే ఉన్నాడు కదా అంటే కుదరదు, క్యాంపుకు తీసుకెళ్లాలి. క్యాంపుకు వెళ్లాలంటే స్లాట్ ఉండాలి. స్లాట్లు నెలలో ఒక పొద్దున ఆన్‌లైన్‌లో తెరుస్తారు. టీ చల్లారేలోపు అయిపోతాయి. రెండుసార్లు నేను పాలు పితికి, ఇళ్లకు పోసి, ఆటో పట్టుకుని మండలం సెంటరుకు వెళ్లేసరికి "అయిపోయినయ్ అమ్మా" అన్నారు. మూడోసారి బస్టాండు దగ్గర ఇస్త్రీ చొక్కా ఒకాయన తనే పలకరించి, "నేను చేయిస్తాగా" అని మా ఆయన ఆధార్ జిరాక్సులు, ఫొటోలు పట్టుకుపోయాడు. ఆ ముఖం మళ్లీ కనపడితే ఒట్టు. ఆ కాగితాలతో ఎక్కడ ఏం చేస్తున్నాడోనని నెలరోజులు నాకు సరిగ్గా నిద్ర లేదు.

మా ఆయనకు పింఛను కంటే కుర్చీ మీద ఆశ. "కుర్చీ వస్తే వాగు దాక పోయొస్త" అనేవాడు. రెండేళ్లుగా ఆయన చూస్తున్నది ఇంటి దూలాలు, కిటికీలోంచి గేదెల తోకలు. ఆ మాట అన్నప్పుడల్లా నాకు ఏడుపు వచ్చేది, ఆ ఏడుపు కోపంగా మారి ఆయన మీదే పడేది.

అలాంటి రోజుల్లో ఆమె మా వాకిట్లోకి వచ్చింది. వాగు అవతల గూడెం మనిషి. ముప్పై దాటి ఉండవు. ఇంటర్ దాకా చదివిందట. ఆ చుట్టుపక్కల ఎవరికి ఏ కాగితం కావలసినా ఆమె దగ్గరికే పోతారట. భుజాన గుడ్డ సంచీ, ఆ సంచీ నిండా ఇతరుల కాగితాలు.

"అక్కా, అన్నకు ఇంకా సదరం కాలేదటగా. ఈసారి నేను చేస్త. స్లాట్లు తెరిచే రోజు మీ ఫోన్ ఒక పూట ఇయ్యుండ్రి" అంది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను ఏమీ అడగలేదే!

"నీకెవరు చెప్పారమ్మా?" అన్నాను.

"మీ దగ్గర పాలు పోయించుకునే అవ్వ చెప్పింది."

"నువ్వు ఏ ఆఫీసు తరఫున?"

"ఏ ఆఫీసు లేదక్కా."

"మరి నీకెవరిస్తారు?"

"ఏమిస్తరు?"

ఆమెకు నా ప్రశ్న అర్థం కాలేదు. లేదా అర్థం కానట్టు నటించింది. నేను రెండోదే నమ్మాను. జీతానికి చేసేవాణ్ణి నేను అర్థం చేసుకోగలను. లంచం అడిగేవాణ్ణి ఇంకా బాగా అర్థం చేసుకోగలను. ఏమీ అడగని మనిషిని ఏ గాటన కట్టాలో నాకు తెలియదు.

ఆమె పద్ధతి కూర్చుని వివరంగా చెప్పింది. మా ఊళ్లో సిగ్నల్ ఒక గీత వస్తుంది, పోతుంది. గూడెంలో అదీ లేదు. గూడెం వెనక గుట్ట మీద ఒక బండ ఉంది, అక్కడ మాత్రం నాలుగు గీతలూ ఉంటాయి. స్లాట్లు తెరిచే పొద్దున ఆమె అవసరమున్న ఇళ్లన్నీ తిరిగి ఫోన్లు అడిగి తీసుకుంటుంది. ఒక్కో ఫోనుకు దారంతో ఒక చీటీ కడుతుంది. ఇప్పపువ్వు ఏరే గంపలో అన్నీ వేసుకుని గుట్టెక్కుతుంది. తన పెద్ద ఫోనులో వివరాలు నింపుతుంటే, ఎవరి ఓటీపీ వాళ్ల ఫోనుకు వస్తుంది, దాన్ని చూసి కొడుతుంది.

"ఒక నంబరు మీద నెలకు ఒక్కళ్లకే అయితదక్కా. అందుకే ఎవరి ఫోన్ వాళ్లది కావాలె" అంది.

ఓటీపీ అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. బ్యాంకువాళ్లు ఎవరికీ చెప్పవద్దని రోజూ మెసేజ్ పెడతారు. ఈవిడ ఓటీపీ కాదు, ఏకంగా ఫోనే ఇమ్మంటోంది. మాకు మిగిలిన డబ్బంతా ఆ నంబరుకు ముడిపడి ఉంది. గూడెంవాళ్లందరూ గంపలో వేసి పంపిస్తున్నారంటే వాళ్లకు బుర్ర లేదనుకున్నాను. వాళ్ల పేరు మీద ఈపాటికి ఎన్ని అప్పులు పుట్టాయో పాపం అని జాలి కూడా పడ్డాను.

"నేనూ నీతో గుట్టెక్కితే?" అన్నాను.

"రండక్కా. కానీ దిగేసరికి మధ్యాహ్నమయితది. అన్న ఒక్కడే ఉంటడు కదా."

గంటకోసారి ఆయన్ని పక్కకు తిప్పాలి, లేకపోతే పుండ్లు పడతాయి. ఆ సంగతి కూడా ఈమెకు తెలుసు. ఎలా తెలుసు? అది ఇంకో అనుమానం.

"అలాగేలేమ్మా, దానికేం భాగ్యం. ఆ రోజు రా" అని కాఫీ ఇచ్చి పంపాను.

ఆమె అటు వెళ్లగానే మా ఆయన మంచం మీంచి అందుకున్నాడు. "ఫోన్ ఇచ్చెయ్ రాదే. నీకు లోకంల అందరు దొంగలే."

"నవ్వే ఆడదాన్ని నమ్మకూడదని ఊరికే అనలేదు పెద్దవాళ్లు. ఎంత నవ్వుతోందో చూశారుగా" అన్నాను.

"ఆ మాట అన్నోడు నిన్ను చూసినట్టు లేదు. నువ్వు నవ్వకుండనే నమ్మరాని మనిషివి" అన్నాడు. తర్వాత చాలాకాలం ఆ మాట నన్ను పొడిచింది కానీ అప్పటికి నేను మూతి ముడుచుకుని గడ్డి వేయడానికి పోయాను.

అన్న రోజుకు, అన్న వేళకు ఆమె గంపతో వచ్చింది. అందులో అప్పటికే ఏడెనిమిది ఫోన్లున్నాయి. ఎక్కువ బటన్ ఫోన్లే, కొన్నింటికి రబ్బరు బ్యాండ్లు చుట్టి ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో చీటీ వేలాడుతోంది. మా ఆయన ఆధార్ నంబరు, మా ఫోన్ నంబరు అడిగి మా చీటీ కూడా రాసుకుంది.

"ఛార్జింగులో పెట్టాను, ఉండు" అని నేను లోపలికి వెళ్లాను. వంటింట్లో గోడ వైపు తిరిగి నిలబడి, ఫోన్ వెనక మూత తీశాను, బ్యాటరీ తీశాను, సిమ్ తీసి పోపుల డబ్బాలో జీలకర్ర కింద దాచాను. మళ్లీ అన్నీ బిగించి, చీర కొంగుతో ఫోన్ తుడిచి, బయటికి వచ్చి ఆమె చేతిలో పెట్టాను. జాగ్రత్తగా వెళ్లిరామ్మా అని కూడా అన్నాను.

నా లెక్క నాకుంది. ఓటీపీ రాదు. ఆమె దిగొచ్చి కాలేదక్కా అంటుంది. అయ్యో, మన ఖర్మ అంటాను. ఆమెకూ కోపం రాదు, నా డబ్బూ పోదు. మరి మా ఆయన స్లాట్? ఆ పొద్దున అది నా తలలోకి రాలేదంటే మీరు నమ్మకపోవచ్చు. దొంగను పట్టుకోవాలన్న తొందరలో ఇంట్లో మంచం మీదున్న మనిషిని మరిచిపోయాను.

మధ్యాహ్నం ఆమె చెమటలు కక్కుతూ వచ్చింది. "వచ్చిందక్కా! అన్నకు స్లాట్ వచ్చింది. వచ్చే వారమే, భద్రాచలం దవాఖానా" అని తేదీ రాసిన కాగితం ఇచ్చింది.

సిమ్ పోపుల డబ్బాలో ఉంటే స్లాట్ ఎలా వచ్చింది?

"మా ఫోనుకు మెసేజ్ వచ్చిందా?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"లేదక్కా. వేరే నంబరు పెట్టి చేసిన. ఏం కాదు, క్యాంపు కాడ తేదీ చెప్తే చాలు" అని మా ఫోన్ నా చేతిలో పెట్టి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది.

వేరే నంబరు! ఎవరిది? మా ఆయన ఆధార్, మా ఆయన వైకల్యం, ఎవరిదో నంబరు. రేపు పింఛను మంజూరైతే ఏ ఖాతాలో పడుతుంది? పట్టుకున్నాననుకున్నాను. కానీ పట్టుకున్నానని చెప్పడానికి నోరు లేదు, ఎందుకంటే ముందు సిమ్ సంగతి నేను చెప్పాలి. ఆ వారమంతా తేలు కుట్టిన దొంగలా ఉన్నాను. అనుమానం పెనుభూతమంటారు, మా ఇంట్లో అది గేదెల పక్కనే కట్టేసి ఉంది.

ఆ మధ్యలో ఒకసారి ఆమె కూతురితో కలిసి మా ఇంటి ముందు నుంచి పోతూ కనిపించింది. ఎనిమిదేళ్లుంటాయేమో పిల్లకు. తల్లి ముందు పోతోంది, పిల్ల మా గేదెలను చూస్తూ వెనకబడింది. "ఏయ్ పాపా, కొమ్ముతో పొడుస్తుంది, ఇవతలికి రా" అని అరిచాను. తిరిగి కూడా చూడలేదు. మరీ గట్టిగా అరిచాను, లెక్కే లేదు. తల్లికి తగ్గ కూతురు అనుకున్నాను.

క్యాంపు రోజున మా ఆయన్ని ట్రాలీ ఆటోలో పరుపు వేసి పడుకోబెట్టి తీసుకెళ్లాం. ఆయన పడుకునే అడవిని, ఆకాశాన్ని చూసుకుంటూ వచ్చాడు. ప్రతి చెట్టునూ పేరు పెట్టి పలకరించినంత పని చేశాడు. నేను మాత్రం కాగితాల సంచీ ఒళ్లో అదుముకుని, అక్కడ ఏం బయటపడుతుందోనని కూర్చున్నాను. దవాఖానాలో వరండా నిండా జనం. మా పాలు పోయించుకునే అవ్వ కూడా అక్కడే ఉంది. ఆమెకు ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోది సగం. ఆమె స్లాటు కూడా ఆ గంపలోంచి వచ్చినదే.

మా వంతు వచ్చింది. కౌంటరులో ఉన్నతను కంప్యూటరు చూస్తూ, "ఫోన్ నంబరు చెప్పుండ్రి" అన్నాడు.

మాది చెప్పాను.

"ఇది కాదమ్మా. ఇక్కడ వేరే ఉన్నది" అన్నాడు.

వారం రోజులుగా లోపల దాచుకున్నది ఒక్కసారిగా బయటికి వచ్చింది. "ఆ నంబరు మాది కాదండీ. మా ఊరి పక్క గూడెంలో ఒకామె పెట్టింది. నాకు మొదట్నుంచీ అనుమానమే. ఇందులో ఏదో మోసం ఉంది" అన్నాను, వరండా అంతా వినపడేటట్టు.

అతను కంప్యూటరు మీంచి చేతులు తీశాడు. "మోసమంటే పేరు కొట్టేయాల్నా? చెప్పుండ్రి, కొట్టేస్త. మళ్ల స్లాట్ మీరే తీసుకోవాలె."

వెనక నుంచి అవ్వ కర్ర చప్పుడు చేసుకుంటూ ముందుకు వచ్చింది.

"మోసమేందే? ఆ నంబరు ఆ పిల్లదే. నేను గూడ ఆ రోజు బండ మీదనే కూసున్న. నీ ఫోన్ పలకలే. పిల్ల దాన్ని తిప్పి తిప్పి చూసింది. చివరికి తన ఫోన్ మీద నీ పెనిమిటికి చేసింది."

"తన ఫోన్ ఇస్తే ఇచ్చింది, దానికేం" అన్నాను, ఇంకా తగ్గకుండా.

"దానికేమా? ఆ ఫోన్ తన బిడ్డకని ఉంచుకున్నది. బిడ్డకు పుట్టినకాడ నుంచి చెవులు ఇనపడయ్. గీ కాగితం ఉంటేనే ఖమ్మంల ఇనపడని పిల్లల బడిల చేర్చుకుంటరంట. నీ పెనిమిటికి చేసేసరికి స్లాట్లు అయిపోయినయ్."

కౌంటరు అతను నా వైపు చూస్తున్నాడు. స్ట్రెచరు మీదున్న మా ఆయన నా వైపు చూస్తున్నాడు. "ఆ నంబరేనండీ. సరిపోయింది" అన్నాను. అతను ఇంకేమీ అడగకుండా చీటీ ఇచ్చాడు. లోపల డాక్టర్లు కాళ్ల మీద కొట్టి చూశారు, గుచ్చి చూశారు, పది నిమిషాల్లో రాసుకున్నారు. సర్టిఫికెట్ వస్తుందని చెప్పారు. రెండేళ్లుగా ఎదురుచూసిన మాట అది. దాన్ని విని నేను సంతోషపడలేకపోయాను.

తిరిగి వస్తుంటే మా ఆయన అడిగాడు. "మన ఫోన్ ఎందుకు పలకలేదే?"

"పాతదైపోయిందిగా" అన్నాను.

ఆయన ఆ తర్వాత చెట్లను కూడా చూడలేదు.

గూడెం మా ఇంటికి అరమైలు. అక్కడికి వెళ్లడానికి నాకు ఆరు రోజులు పట్టింది. సిగ్గుతో అన్నం సహించలేదు. ఒకరోజు పిల్ల నా పిలుపు వినపడక గేదె దగ్గరే నిలబడిన సంగతి గుర్తొచ్చి, పాలు పితుకుతూ ఏడ్చాను. ఏడుపులో కూడా నాకో ఆశ ఉంది. సిమ్ సంగతి ఎవరికీ తెలియదు కదా, ఫోన్ చెడిపోయిందనే అందరూ అనుకుంటున్నారు కదా అని. అంత నీచమైన ఆశ.

ఏడో రోజు పాల క్యాను పట్టుకుని వెళ్లాను. ఆమె చూరు కింద కూర్చుని ఎవరిదో రేషను కార్డు అర్జీ రాస్తోంది. పిల్ల అవతల కోడిపిల్లలతో ఆడుతోంది. నన్ను చూసి ఆమె అరికాలితో నేలను రెండుసార్లు గట్టిగా తట్టింది. ఆ అదురుకు పిల్ల తల తిప్పి, లోపలికి ఉరికి, నాకు పీట తెచ్చి వేసింది.

కూర్చున్నాను కానీ ఆగలేకపోయాను. "ఆ రోజు ఫోనులోంచి సిమ్ నేనే తీశానమ్మా" అన్నాను.

"ఎరికేనక్కా" అంది.

"ఎలా?"

"మూత తీసి చూసిన. లోపల ఏం లేదు."

"తెలిసి కూడా నీ నంబరు పెట్టావా?"

"అన్న మంచంల ఉన్నడు కదా. నా బిడ్డ నడుస్తది, ఉరుకుతది. ఒక్క నెల ఆగుతదిలే అనుకున్న" అని కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. "కానీ ఆ బడోళ్లు ఈసారి చేర్చుకునుడు జల్దీగా బంద్ చేస్తున్నరంట, మొన్న ఫోన్ చేస్తే చెప్పిండ్రు. వచ్చే స్లాటుకు అందుతదో లేదో."

ఆమె గొంతులో నిష్ఠూరం వెతికాను. ఉంటే బాగుండేది, కాళ్లు పట్టుకునేదాన్ని. ఆమె తేదీలు మాత్రమే చెబుతోంది.

"ఈసారి గంప నేను మోస్తాను. నా చెల్లెల్ని పిలిపించి ఆయన దగ్గర పెడతాను. నీకు పదిమంది పనులుంటాయి, నీ బిడ్డది నేను చూసుకుంటాను. నీ ఫోన్ నా చేతికివ్వు, ముందు తనకే చేస్తాను" అని చేయి చాపాను.

ఆమె ఫోన్ వైపు చూసింది, నా చేతి వైపు చూసింది. తర్వాత ఫోన్ తీసి కొంగున ముడి వేసుకుంది. "గంప మోయుండ్రి అక్కా. ఇది నా దగ్గరనే ఉంటది" అంది.

ఆ నెల స్లాట్లు తెరిచే పొద్దున ఇద్దరం గుట్టెక్కాం. గంప నా నెత్తి మీదుంది. అందులో ఎవరెవరివో ఫోన్లున్నాయి, ఒక్కరు కూడా నన్ను ఏమీ అడగకుండా వేశారు. ఆమె తన ఫోన్ మాత్రం కొంగులోనే ఉంచుకుంది. బండ మీద కూర్చున్నాం. తెరవగానే ముందు బిడ్డ వివరాలు నింపింది. ఫోన్ టింగుమంది. ఓటీపీ ఎంతో చదివి చెబుదామని నేను ముందుకు వంగాను. ఆమె నా వైపు చూడకుండానే ఎడమ అరచేయి ఫోనుకు అడ్డం పెట్టుకుని, ఆ అంకెలు తనే చూసుకుని, తనే కొట్టింది.

స్లాట్ వచ్చింది. తేదీ చూసి వేళ్ల మీద లెక్క పెట్టుకుంది. బడిలో చేర్చుకునే గడువు దాటిన పన్నెండో రోజు.

"ఇంక వచ్చే ఏడే" అంది.

"తప్పు నాదే" అన్నాను.

"అవ్ అక్కా" అంది, గంపలోంచి ఇంకో ఫోన్ తీసుకుంటూ.